సుగుణమణి చేతి బుట్టలు

హైదరాబాదు,
3 ఫిబ్రవరి 2013

అత్తకూ మామకూ గ్లోరియా వందనాలు.

ఫోను చేద్దామంటే మామకు ఫోనులో మాట సరిగ్గా వినబడదు. అత్తకు వినబడుతుంది గానీ, "బాగున్ననే, పైసలు కాలుతయ్, పెట్టెయ్" అని నేను నోరు తెరిచేలోపే తనే పెట్టేస్తుంది. పోయిన ఆదివారం అలా మూడుసార్లు పెట్టేసింది. అందుకే ఉత్తరం. మామా, దీన్ని అత్తకు చదివి వినిపించు. మొత్తం చదవాలి, నీకు నచ్చిన ముక్కలు కాదు.

నాకు కొత్త ఉద్యోగం దొరికింది. ఇంటర్నెట్‌లో ఒక అంగడి అనుకోండి. దానికి గది, గల్లా ఏమీ ఉండవు. ఇళ్లలో కూర్చుని చేతితో వస్తువులు చేసేవాళ్ల ఫొటోలు, ఆ వస్తువుల ఫొటోలు కంప్యూటర్‌లో పెడతాం. ఎక్కడెక్కడి వాళ్లో చూసి కొనుక్కుంటారు, మేం పార్శిల్ చేస్తాం. కొత్త చేతిపనివాళ్లను వెతికి తేవడం నా పని. జూన్ లోపల ముగ్గురిని తెస్తేనే ఉద్యోగం పర్మినెంటు. ఇప్పటికి తెచ్చింది ఒక్కరిని. కొవ్వొత్తులు పోసే ఆవిడ. ఆమె కూడా రెండు వారాలు చేసి, "సెగ పడడం లేదమ్మా" అని మానేసింది.

ఆ దిగులులో ఉండగా టిఫిన్ డబ్బా పెట్టుకునే నా బుట్ట మీద చూపు పడింది. చిన్నప్పుడు సెలవులకు వచ్చి వెళ్లేటప్పుడు అత్త సకినాలు పోసి ఇచ్చిన నీలం తెలుపు వైరు బుట్ట. పదిహేనేళ్లయినా ఒక్క ముడి ఊడలేదు. మా యజమాని రమ మేడమ్‌కు చూపించాను. ఆమె దాన్ని తలకిందులు చేసి, అడుగు నిమిరి చూసి, "ఇది అల్లిన మనిషి ఎవరు?" అంది. "మా అత్త" అన్నాను.

అత్తా, నా కోసం మూడు బుట్టలు అల్లి పంపు. మామా, నువ్వు వాటి కొలతలు రాయి, ఫొటోలు తీయించు, అత్త ఈ పని ఎక్కడ నేర్చుకుందో నాలుగు మాటలు రాయి. రిటైరై ఖాళీగానే ఉన్నావు కదా.

మీ
గ్లోరియా

*

గోదావరిఖని,
14-2-2013

మా చెల్లె కెరోలిన్ బిడ్డ, నా మేనకోడలు గ్లోరియాకు దేవుని కాపుదల కోరుతూ, కుంటి మోకాలు చాపుకుని కూర్చున్న నీ మామ యిర్మియా రాయడమేమంటే:

నీ ఉత్తరం అందినది. మొత్తం చదివి వినిపించాను. "ఖాళీగానే ఉన్నావు కదా" అన్న వాక్యాన్ని మీ అత్త రెండోసారి చదవమన్నది. చదివాను.

మీ అత్త మొదట ససేమిరా అన్నది. "నా పేరెందుకు? నా ఫొటో బజార్ల పెడ్తదా పొల్ల?" అని కొంతసేపు, ఇంకేదో అని కొంతసేపు కోపం చేసింది. తర్వాత నీ ఉద్యోగం సంగతి తలచుకుని, "సరే తీ, పొల్ల కోసం పెట్టుకోమను" అన్నది. మూడు బుట్టలు ఈ బస్సు పార్శిల్‌లోనే వస్తున్నవి. ఇవి మా ఇంట్లోనే, లక్ష్మీనగర్ బజారులో కొన్న వైరుతో, ఏ మిషనూ లేకుండా తయారైనవని చర్చి సంఘ కార్యదర్శి హోదాలో ధ్రువీకరిస్తున్నాను.

కొలతలు వేరే కాగితంలో రాశాను. కొలతలకంటే ముఖ్యమైనది బలం. గనిలో పైకప్పు కింద కర్రలు నిలబెట్టి దాన్ని కూలకుండా ఆపిన టింబర్‌మన్‌ను నేను. బరువు మోస్తుందో లేదో చూడకుండా ఏ వస్తువూ చేతికి ఇవ్వను. కాబట్టి ఒక్కో బుట్టలో పన్నెండు కిలోల బొగ్గు పోసి దూలానికి గంటసేపు వేలాడదీశాను. పట్టుకునే చెవులు వెంట్రుకవాసి కూడా సాగలేదు. తెల్ల బుట్ట మాత్రం నల్లబడింది. మీ అత్త సబ్బుపెట్టి తోమింది. ఇప్పుడది బూడిదరంగు బుట్ట. కొనేవారికి అదే చెప్పు, అబద్ధం కాదు.

ఫొటోల కోసం మూడు బుట్టలూ స్టూడియోకు తీసుకుపోయాను. "పెద్దయ్యా, గివి ఏ ఆఫీసుల ఇయ్యాలె?" అని అడిగాడు స్టూడియో ఆయన. కంప్యూటర్‌లో పెడతారట అన్నాను. బుట్టను స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక నీలం గుడ్డ దించి, అలవాటు కొద్దీ "కదలద్దు" అన్నాడు. ఒక్కో బుట్టకు పాస్‌పోర్టు సైజు ఎనిమిదేసి కాపీలు జతపరుస్తున్నాను. మీ అత్త విడిగా దిగింది. వెనక జలపాతం బొమ్మ ఉన్న పరదా. పట్టుచీర. ఎంత చెప్పినా నవ్వలేదు.

ఎక్కడ నేర్చుకున్నదంటే, దవాఖానలో. అంతకంటే వివరం అక్కర్లేదు.

ఒక సంగతి మాత్రం మీ మేడమ్‌కు చెప్పు. అడుగు అల్లేటప్పుడు వైరును గోటితో నొక్కకూడదు, బొటనవేలి కండతో నొక్కాలి. అప్పుడే ముడి కూర్చుంటుంది. ఇది నా అనుభవం, అనగా మీ అత్త అనుభవం.

ఇట్లు నీ మేలు కోరే
యిర్మియా

*

హైదరాబాదు,
10 మార్చి 2013

మామా, అత్తా, వందనాలు.

బుట్టల పాస్‌పోర్టు ఫొటోలు చూసి ఆఫీసంతా పని మానేసి నవ్వింది. రమ మేడమ్ ఒకటి తన టేబుల్ దగ్గర అంటించుకుంది. నేను కిటికీ వెలుతురులో మళ్లీ తీసుకున్నాను. అత్త ఫొటో మాత్రం జలపాతంతో సహా అదే పెట్టాం. పేజీ పేరు "సుగుణమణి చేతి బుట్టలు".

మామా, "దవాఖానలో" అనే ఒక్క ముక్కతో పేజీ నిండదు. కొనేవాళ్లకు కథ కావాలి. అందుకని నేనే రాశాను. గోదావరి ఒడ్డున అమ్మమ్మల నుంచి మనవరాళ్లకు ఐదు తరాలుగా వస్తున్న విద్య అని. ఐదు తరాల కింద ప్లాస్టిక్ వైరు ఎక్కడిదని నువ్వు అడుగుతావని తెలుసు. అడగకు.

బూడిదరంగు బుట్ట అన్నిటికంటే ముందు అమ్ముడుపోయింది! "ఈ రంగు ఇంకెక్కడా దొరకదు" అని రాశారు.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెలలోనే మళ్లీ పంపిన నాలుగు బుట్టల్లో ఆకుపచ్చదాని అడుగున నాకు రాసిన ఉత్తరం పెట్టావు. పైన ఒక మాట రాయొద్దా? నేను చూసుకోకుండా ఆ బుట్టను పుణె పంపేశాను, నీ ఉత్తరంతో సహా. కొన్నావిడకు తెలుగు రాదు. ఆమె మా పేజీలో ఏం రాసిందో తెలుసా? "బుట్టతో పాటు కళాకారిణి స్వయంగా రాసిన మూడు పేజీల దీవెన వచ్చింది. చదవలేకపోయినా కళ్లు చెమర్చాయి. ఫ్రేమ్ కట్టించాను." ఐదు నక్షత్రాలు ఇచ్చింది. మా దగ్గర అంతకు మించి ఇవ్వడానికి లేదు.

అది చూసి రమ మేడమ్ ప్రతి బుట్టలోనూ అత్త చేత్తో రాసిన చీటీ ఉండాలంది. కవర్‌లో పెట్టి అంటించి పంపండి. ఇంతకూ ఆ ఉత్తరంలో ఏం రాశావు?

గ్లోరియా

*

గోదావరిఖని,
30-3-2013

గ్లోరియాకు, రేపటి పునరుత్థాన పండుగ శుభములు ఒకరోజు ముందుగా చెప్తూ మామ రాస్తున్నది.

బందు వల్ల బస్సులు కదలలేదు. అందువల్ల ఈ పార్శిల్ ఆలస్యమైంది. మా తప్పు లేదు.

పుణెలో ఫ్రేమ్ కట్టించిన ఉత్తరంలో ఉన్నవి ఇవి: మన చర్చి వరండా రేకులు కారుతున్న సంగతి, మీ అమ్మకు బసంత్‌నగర్‌లో షుగరు మాత్రలు మార్చిన సంగతి, శనగపిండి తింటే నాకు గ్యాస్ పడుతున్న సంగతి. ఆ తల్లిని దేవుడు దీవించును గాక.

మీ అత్త చదువు రెండో తరగతిలో ఆగింది. కనుక చీటీలు నేనే రాస్తున్నాను. ముక్కూ మొహం తెలియని మనిషికి ఏమి రాయాలో మొదట తోచలేదు. మొదలుపెట్టిన తర్వాత కలం ఆగలేదు. ఒక్కొక్కటి రెండు పేజీలకు తక్కువ కాలేదు.

ఇక్కడ మీ అత్త పరిస్థితి వేరుగా ఉన్నది. ఇంటర్నెట్ సెంటర్‌లో ఆ పేజీని కాగితం మీద తీయించాను. అది పక్కింటి సారవ్వ చూసింది. సారవ్వ చూస్తే కాలనీ అంతా చూసినట్లే. పాస్టరు గారు ఆరాధనలో ప్రకటించారు. స్త్రీల కూటంలో మీ అత్తను నిలబెట్టి, "అక్కా, జర మాకు గూడ చెప్పు, ఎట్ల అల్లాలె?" అని అడిగారట. ఆమె కొంగు సర్దుకుని, "గది చేతికి తెలుస్తది, నోటికి తెల్వది" అన్నదట. అందరూ చప్పట్లు కొట్టారు. ముగ్గురు నేర్చుకుంటామని ఇంటికే వచ్చారు. ఎండలు తగ్గినంక రండని పంపింది. ఈ మధ్య "నా బుట్టలు" అంటున్నది. ఎరుపు పక్కన పసుపు బాగుండదని నాకు చెప్పింది.

ఎండకు వైరు మెత్తబడి ముడి సాగుతున్నది. బకెట్ నీళ్లలో వేసి తీసి అల్లవలసి వస్తున్నది. మొన్న గట్టిగా గుంజేసరికి వైరు జారి నా బొటనవేలు, అనగా మీ అత్త బొటనవేలు, లోతుగా తెగింది. కట్టు కట్టాము. అయినప్పటికీ పని ఆపలేదు, పదకొండు బుట్టలు పూర్తయినవి. ఆమె అల్లుతున్నంతసేపు నేను పక్కనే కూర్చుని పేపరు చదువుతూ ప్రోత్సహించాను.

ఇట్లు
యిర్మియా

*

హైదరాబాదు,
18 ఏప్రిల్ 2013

మామా,

వందనాలు తర్వాత. ముందు ఇది చెప్పు. పక్కన కూర్చుని పేపరు చదువుతూ ప్రోత్సహించావా?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అరవై ఏళ్ల మనిషి, బొటనవేలు తెగి, కట్టుతో, ఆ ఎండలో పదకొండు బుట్టలు అల్లిందా? వంట ఎవరు చేశారు? అంట్లు ఎవరు తోమారు? నువ్వు కాలు మీద కాలేసుకుని వార్తలు చదివావు. పైగా ఎరుపు, పసుపు అని ఆమె ఏదో చెప్పబోతే అదొక విశేషంలా రాశావు. చిన్నప్పుడు నువ్వంటే నాకు ఎంత గౌరవమో. మధ్యాహ్నం తలుపేసుకుని పడుకుంటే, "మామ అలిసిపోయిండు, సప్పుడు చెయ్యకు" అని అత్త మమ్మల్ని బయటికి తోలేది. ఇప్పుడు అర్థమవుతోంది. ఆమె లోపల కూర్చుని అల్లేది, నువ్వు గుర్రుపెట్టేవాడివి.

ఈ కవర్‌లో పూతమందు, రెండు జతల చేతి తొడుగులు పెట్టాను. అవి అత్తకు. నీకు కాదు. వారానికి మూడు బుట్టలకంటే ఎక్కువ పంపితే వెనక్కి పంపిస్తాను.

ఇంకొక సంగతి. మే 18న రమ మేడమ్ మీ ఇంటికి వస్తోంది. కెమెరామన్ సదానందం కూడా వస్తున్నాడు. అత్త బుట్ట అల్లుతుండగా వీడియో తీసి మా అంగడి మొదటి పేజీలో పెడతారట. అది బాగా వస్తే మిగతావాళ్లు దొరక్కపోయినా నన్ను పర్మినెంటు చేస్తానంది. మేడమ్ లేనప్పుడు ఆఫీసు నేనే చూసుకోవాలి, కాబట్టి రాలేను. అత్త వేలు అప్పటికి మానాలి. ఆమెను విశ్రాంతి తీసుకోనివ్వు.

గ్లోరియా

*

గోదావరిఖని,
26-4-2013

గ్లోరియా బిడ్డా,

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించాను. మొత్తం. ఆమె ముందు నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి, "ఇగ చెప్పేయ్" అన్నది.

బుట్టలు నేను అల్లుతాను.

మొదటినుంచీ నేనే. నీ నీలం తెలుపు బుట్ట కూడా. మీ అత్తకు దారం ఎక్కించడం తప్ప చేతిపని ఏదీ రాదు. తెగినది నా వేలు. నీ పూతమందు నేనే రాసుకున్నాను, క్షమించు. తొడుగులు నాకు పట్టలేదు.

తొంభై అయిదులో పైకప్పు రాయి జారి నా మోకాలు మీద పడ్డ సంగతి నీకు తెలుసు. నాలుగు నెలలు దవాఖానలో ఉన్నాను. ఇక భూమి కిందికి దిగే పని లేదని డాక్టరు చెప్పిన రోజు నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. పక్క మంచంలో ఒకతను, అతనికి తోడుగా వాళ్ల అవ్వ పూలమ్మ. ఆమె పొద్దంతా వైరు బుట్టలు అల్లి దవాఖాన గేటు దగ్గర అమ్మేది. ఒకరోజు నన్ను తట్టి, "ఏంది బిడ్డా, గట్ల గోడను సూసుకుంట ఎన్నొద్దులు పంటవ్? గీ కొస జర పట్టుకో" అన్నది. పట్టుకున్నాను. సాయంత్రానికి అడుగు అల్లేశాను. మోకాలు పోయింది గానీ చేతులు ఉన్నాయని ఆ రోజు తెలిసింది.

తర్వాత నన్ను పైన, గనిలోకి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే ల్యాంప్ రూములో వేశారు. అక్కడ ఖాళీ దొరికినప్పుడు అల్లుతుంటే ఎల్లేశం చూశాడు. నాతో పాటు గనిలో పనిచేసినవాడు. "ఏంది యిర్మియన్నా, రేపటికెల్లి గాజులు గూడ ఏసుకుంటవా?" అన్నాడు. షిఫ్టు షిఫ్టంతా నవ్వింది. కూలే కప్పు కింద మొదట అడుగుపెట్టే మనిషిని నేను. ఆ నవ్వు నేను మోయలేకపోయాను.

ఆ సాయంత్రమే ఎల్లేశం ఏదో పని మీద ఇంటికి వచ్చాడు. నా చేతిలో సగం అల్లిన బుట్ట ఉన్నది. మీ అత్త వంటింట్లోంచి వచ్చి దాన్ని నా చేతిలోంచి గుంజుకుని తన ఒడిలో పెట్టుకుని కూర్చుంది. "గిది నాదన్నా, ముడి పడకపోతే ఆయనకిచ్చిన" అన్నది. అంతే. ఆనాటి నుంచి బుట్టలు ఆమెవి. నేను తలుపేసుకుని అల్లేవాడిని, ఆమె "మామ పన్నడు" అని మిమ్మల్ని బయటికి తోలేది.

నీకు అబద్ధం రాయకూడదని మాటలు ఏరి ఏరి రాశాను. "అనగా మీ అత్త" అన్నవీ, పేపరు చదివానన్నదీ మాత్రం పచ్చి అబద్ధాలు. అవి రాసినందుకే నీ చేత తిట్లు తిన్నాను. బుట్టల్లో పెట్టే చీటీల్లో మాత్రం నిజమే రాశాను. వాళ్లకు గోదావరిఖని తెలియదు, ఎల్లేశం తెలియదు. తెలియనివాళ్లకు చెప్పుకోవడం ఎంత సులువో.

ఇప్పుడు నీ ఉద్యోగం నా నెత్తిమీద పడ్డది. ఏం చేయమంటావో రాయి.

మామ

*

హైదరాబాదు,
3 మే 2013

మామా,

నిన్ను అన్ని మాటలు అన్నాను. నీ ఉత్తరం చదివి బాత్‌రూములోకి వెళ్లి ఏడ్చాను, తర్వాత అద్దంలో చూసుకుని నవ్వాను. వివరంగా క్షమాపణ తర్వాత అడుగుతాను, ఇప్పుడు టైము లేదు.

చీటీల్లో నిజం రాశావా? ఎన్ని చీటీలు? పంతొమ్మిది బుట్టలు వెళ్లాయి! వాటిలో ఒకటి భిలాయి వెళ్లింది. భిలాయిలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసా? తెలుగు చదవగలిగేవాడి చేతిలో పడితే?

మేడమ్‌కు ఇప్పుడు చెప్పలేను. ఐదు తరాల కథ నేను రాసింది. నా చేతులతో నేనే ఇరుక్కున్నాను. ఒక్కటే దారి. ఇంకా రెండు వారాలు ఉన్నాయి. అత్తకు నేర్పు. మొత్తం బుట్ట వద్దు, కెమెరా ముందు పది నిమిషాలు వేళ్లు ఆడితే చాలు. అత్తా, నాకోసం.

గ్లోరియా

*

గోదావరిఖని,
20-5-2013

గ్లోరియా బిడ్డకు,

జరిగినది జరిగినట్లు రాస్తున్నాను. కూర్చుని చదువు.

పన్నెండు రోజులు మీ అత్తకు నేర్పాను. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, ఒకరినొకరు తిట్టుకునే దాకా. ఆమె ఒక్క ముడి నేర్చుకున్నది. అది కూడా దూడకు తలుగు కట్టినట్లు కట్టేది. "నీకు నేర్పొస్తలేదు" అని నన్నే అన్నది. చివరకు ఒక ఉపాయం చేశాము. ముప్పాతిక అల్లిన బుట్టను ఆమె ఒడిలో పెట్టాలి. వంటింటి తలుపు సందులోంచి నేను చూస్తూ, ఒకసారి దగ్గితే కుడివైపు వైరు, రెండుసార్లు దగ్గితే ఎడమవైపు.

మీ మేడమ్ మంచి మనిషి. నలభై ఆరు డిగ్రీల ఎండలో వచ్చి కూడా ముఖం చిట్లించలేదు. సదానందం కెమెరా నిలబెట్టాడు. మీ అత్త పట్టుచీర కట్టుకుని చాప మీద కూర్చుంది. మొదలైంది. ఆమె ఎడమ వైరు పట్టుకున్నది. నేను ఒకసారి దగ్గాను. ఆమె పట్టించుకోలేదు. మళ్లీ దగ్గాను. ఆమె బుట్ట పక్కన పెట్టి, కెమెరా ముందు నుంచి లేచి, వంటింట్లోకి వచ్చి, నా చేతికి చెంబుతో నీళ్లిచ్చి, "తాగు" అని చెప్పి వెళ్లి మళ్లీ కూర్చుంది. నీళ్లు తాగాను. వేరే ఏం చేయాలో తోచలేదు.

అరగంటలో ఆమె ఒకే ముడిని వేసి, విప్పి, మళ్లీ వేసింది. చివరకు మీ మేడమ్ దగ్గరికి వచ్చి, మీ అత్త చేతులు రెండూ పట్టుకుని, "అమ్మా, ఈ చేతులను దగ్గరగా తీస్తాం. ఇంత అందం పుట్టించిన చేతులు ఇవి. ఎన్నేళ్ల కష్టమో" అన్నది. సదానందం కెమెరాను చేతుల మీదికి జరిపాడు.

మీ అత్త తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత ఇలా అన్నది. ఒక్క మాట మార్చకుండా రాస్తున్నాను.

"కష్టం నాదే తల్లీ, రాసుకో. గీ చేతులు అంట్లు తోమినయ్, బొగ్గుల బట్టలు ఉతికినయ్, ఆయన మోకాలుకు పద్దెనిమిదేండ్ల సంది నూనె రాస్తున్నయ్. గదంత నాదే. బుట్ట మాత్రం నాది గాదు. నువ్వు గట్ల పట్టుకుని మెచ్చుకుంటె నాకు శరమైతంది. ఆయన పని నేనెట్ల తీసుకుంట?"

అని వంటింటి వైపు తిరిగి, "ఏమయ్యో, బయటికి రా. దగ్గింది చాలు" అన్నది.

వచ్చాను. ఇంకా మానని బొటనవేలికి కట్టుతో, చేతిలో చెంబుతో. మీ మేడమ్ నా వేలు చూసింది, మీ అత్త వేళ్లు చూసింది. సదానందం మాత్రం, "పెద్దయ్యా, లోపట చీకటున్నది. జర బయట గద్దె మీద కూసుంటవా?" అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా తలుపేసుకుని చేసిన పనిని వీధిలో కూర్చుని చేయాలి. అదీ మొదటి షిఫ్టు వదిలే వేళకు. నేను చెంబు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. మీ అత్త చాప తీసుకుపోయి ఇంటి ముందు గద్దె మీద పరిచి, "నేనుంట పక్కకు" అన్నది.

అల్లాను. మొదటి ముడి విప్పి మళ్లీ వేశాను. నాలుగు ముడులు పడ్డాక వీధి కనిపించలేదు. తలెత్తేసరికి సారవ్వ, ఆమె వెనక సగం కాలనీ. షిఫ్టు దిగి వచ్చే కొడుకు కోసం టీ కొట్టు దగ్గర నిలబడ్డ ఎల్లేశం కూడా వచ్చాడు. వాడూ రిటైరైనాడు. వంగి నా చేతులను చూశాడు. నేను గాజుల మాట కోసం కాచుకుని ఉన్నాను.

"అంటె, నా ఇద్దరు బిడ్డల పెండ్లిళ్లకు సుగుణక్క ఇచ్చిన బుట్టలు నువ్వల్లినయేనా?" అన్నాడు.

అవునన్నాను.

"ఓరి నీ... సుగుణక్క బుట్ట, సుగుణక్క బుట్ట, సుగుణక్కకు గంత పనొస్తది, నీకేమొస్తదని మా ఆమె నన్ను పదేండ్ల సంది సంపుతంది గదనే!" అని నా పక్కన గద్దె మీద కూలబడ్డాడు.

నీ ఉద్యోగం సంగతి మీ మేడమ్‌ను అడగడానికి నాకు నోరు రాలేదు. పోయేటప్పుడు ఆమె మీ అత్తకు దండం పెట్టింది. ఆ దండానికి అర్థం ఏమిటో నాకు తెలియదు. నీకు చెడు చేశామేమోనని ఇద్దరమూ దిగులుగా ఉన్నాము. వెంటనే జవాబు రాయి.

మామ

*

హైదరాబాదు,
9 జూన్ 2013

అత్తకు వందనాలు. మామకు వందనాలు, క్షమాపణలు.

జవాబు ఆలస్యమైంది. ఏం రాయాలో తేలేదాకా ఆగాను.

మేడమ్ తిరిగి వచ్చిన మర్నాడే నన్ను పిలిచింది. బల్ల మీద ఒక ఉత్తరం పెట్టింది. భిలాయి నుంచి వచ్చింది. అక్కడ స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరైన లింగమూర్తి గారని ఒకాయన. "మీ పేజీలో ఆమె పేరుంది, చీటీలో ఆయన తన కథ రాశారు. ఏది నిజమైనా బుట్ట గట్టిది. యిర్మియా గారి చిరునామా ఇవ్వండి, జవాబు రాసుకుంటాను" అని రాశారు. మేడమ్ గోదావరిఖని బయలుదేరే రోజే అది ఆఫీసుకు వచ్చింది. మేడమ్ చదివాకే బస్సెక్కింది!

"తెలిసీ ఎందుకు అడగలేదు మేడమ్?" అన్నాను. "వాళ్లే చెప్తారేమో చూద్దామనుకున్నాను. ఆవిడ నీళ్లు తీసుకెళ్లి ఇచ్చినప్పుడు దాదాపు నేనే చెప్పేసేదాన్ని" అంది.

తర్వాత నన్ను బాగా తిట్టింది. చెప్పనివాళ్ల తప్పు కాదు, అడగకుండా ఐదు తరాలు పుట్టించిన నా తప్పంది. నిజమే కదా. నన్ను పర్మినెంటు చేయలేదు. ఇంకో మూడు నెలలు చూస్తానంది. నాకు కోపం రాలేదు. తీసేయనందుకే సంతోషం.

పాత పేజీ తీసేశాం. కొన్నవాళ్లందరికీ జరిగింది రాశాం. ఇద్దరు బుట్టలు తిప్పి పంపారు. పుణె ఆవిడ మాత్రం ఫ్రేమ్ దించనంది. మామా, ఆ ఉత్తరంలో ఏముందో ఆమెకు చెప్పలేదు. చెప్పను కూడా.

కొత్త పేజీలో మామ పేరు, గద్దె మీద కూర్చున్న ఫొటో ఉన్నాయి. పక్కన అత్త ఉంది. ఈసారి నవ్వుతోంది. నేర్చుకున్న చోటు: దవాఖాన. నేర్పినవారు: పూలమ్మ. వీడియోలో అందరూ మళ్లీ మళ్లీ చూస్తున్నది బుట్ట అల్లడం కాదు, అత్త లేచి వెళ్లి చెంబు ఇచ్చి రావడం.

మామా, వారానికి ఎన్ని అల్లగలవో నువ్వే చెప్పు. నీ వేలు మానిందా?

గ్లోరియా

*

గోదావరిఖని,
23-6-2013

మా గ్లోరియాకు, మొదటి వానలు పడి ఒళ్లు చల్లబడిన సంతోషంలో మామ రాయునది.

వేలు మానినది. లింగమూర్తి గారి ఉత్తరం అందినది. ఆయనకు కూడా మోకాలే. మేము ఇక్కడినుంచి అక్కడికి నాలుగేసి పేజీలు రాసుకుంటున్నాము.

నిన్ను పర్మినెంటు చేయనందుకు మీ అత్త మేడమ్ మీద రెండు రోజులు అలిగింది. మూడో రోజు, "మంచిగనే చేసింది, అబద్ధం రాస్తదా పొల్ల" అన్నది. అబద్ధంలో నాకు పెద్ద వాటా ఉన్నది కనుక నేను మాట్లాడలేదు. పోయిన ఆదివారం సంఘంలో లేచి నిలబడి నా వాటా ఒప్పుకున్నాను. కార్యదర్శి పదవి వదులుకుంటానన్నాను. పాస్టరు గారు, "మీ చేతిరాత ఇంకెవరికుంది, కూర్చోండి" అన్నారు.

ఇప్పుడు వాన లేనప్పుడు గద్దె మీదే కూర్చుని అల్లుతున్నాను. దారిన పోయేవాళ్లు మొదటి వారం ఆగి చూశారు. రెండో వారం ఆగలేదు. ఆగకుండా పోవడం ఎంత హాయిగా ఉన్నదో చెప్పలేను. నేర్చుకుంటామన్న ముగ్గురు ఆడవాళ్లూ వచ్చారు. మగమనిషి దగ్గర కూర్చోవడానికి మొహమాటపడితే మీ అత్త తనూ వాళ్ల నడుమ కూర్చుంది. ఒక్క ముడి వచ్చిన ధైర్యంతో ముగ్గురినీ దిద్దుతున్నది. నన్ను కూడా దిద్దుతున్నది.

వారానికి నాలుగు పంపగలను. ఈ పార్శిల్‌లో నాలుగూ ఉన్నవి. కాక, కాగితంలో చుట్టిన చిన్నది ఇంకొకటి ఉన్నది. ఒక చెవి పొడుగు, ఒక చెవి పొట్టి. అడుగు సమంగా లేదు, నిలబెడితే పడిపోతుంది. మహా అయితే అరడజను నిమ్మకాయలు పడతాయి. పేజీలో పెట్టించమని మీ అత్త పట్టుబట్టింది. అటువంటి పనికి నేను పూచీ ఉండలేనని చెప్పాను. దాంతో, "అమ్మేది లేదు పో, అది నా కోడలికి" అన్నది. పంపేముందు కలం లాక్కుని కింద తనే ఏదో రాసింది. నన్ను చూడనివ్వలేదు.

యిర్మియా

గ్లోరియ ఇది నెను చెసిన. పది దినాలు పట్టింది. నవ్వకు.
అత్త